ఈ నొప్పేనా, వేరే నొప్పా? తుంటి పరీక్షలో నా అనుభవం

తుంటి నొప్పి అని వెళ్తే డాక్టర్ అసలేం చూస్తారు అని ముందుగా వెతికితే నాకు దొరికినవన్నీ ఆపరేషన్ వీడియోలు, లేదంటే "ఇంట్లోనే తగ్గించుకోండి" టైపు ఎక్సర్‌సైజులు. బల్ల మీద పడుకోబెట్టి కాలు అటు తిప్పి ఇటు తిప్పి ఏం తెలుసుకుంటారు, ఏది దేనికోసం చేస్తారు అనేది పేషెంటు వైపు నుంచి చెప్పినవాళ్లు ఒక్కరూ కనపడలేదు. నేను డాక్టర్ని కాదు, మెడికల్ సైడ్ అసలే కాదు, కాకపోతే ప్రతిదానికీ "ఇదెందుకు సర్" అని అడిగే అలవాటు నాకుంది, నాకు దొరికిన ఆర్థో డాక్టర్ గారికి విసుక్కోకుండా చెప్పే అలవాటు ఉంది, కాబట్టి ఆ గదిలో జరిగిందంతా బాగానే గుర్తుంది.

నా నొప్పి కుడి వైపు. నెలల తరబడి ఉంది. కారులోంచి దిగేటప్పుడు, సాక్స్ వేసుకోడానికి వంగినప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచినప్పుడు గజ్జల్లో లోపలెక్కడో కలుక్కుమనేది. రాత్రి కుడి పక్కకి తిరిగి పడుకుంటే మాత్రం తుంటి పక్కన ఎముక దగ్గర ఒకటే సలుపు, నిద్ర పట్టేది కాదు. తెలిసినవాళ్లంతా తలా ఒక మాట, ఎక్కువమంది తీర్పు సయాటికా, అంటే నడుం దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి పాకే నొప్పి. ఒకాయనైతే తన పాత ఎంఆర్‌ఐ రిపోర్టు తీసి చూపించి "నీది కూడా ఇదే చూస్కో" అని తేల్చేశాడు.

డాక్టర్ దగ్గర నేను మొదట అడిగింది కూడా ఎంఆర్‌ఐ గురించే. "అవసరమైతే తీద్దాం. ఏం వెతుకుతున్నామో తెలిశాక తీస్తే రిపోర్టు పనికొస్తుంది, తెలియకుండా తీస్తే అందులో ఉన్న ప్రతి లైనూ జబ్బులాగే కనిపిస్తుంది" అన్నారు. ఆ క్షణంలో ఇదేదో తప్పించుకునే మాటలాగా అనిపించింది గానీ పరీక్ష అయ్యేసరికి ఎందుకన్నారో అర్థమైంది.

"ఎక్కడ నొప్పి?" అంటే నేను చెయ్యి తుంటికి పక్కగా పెట్టి పట్టుకుని చూపించా, బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు ముందు గజ్జ వైపు. చెయ్యి అలాగే ఉంచమన్నారు. కీలు లోపల నొప్పి ఉన్నవాళ్లు చాలామంది ఒక చోటు అని చెప్పలేక ఇలాగే చేత్తో సి అక్షరం ఆకారంలో చుట్టి పట్టుకుంటారట, డాక్టర్లు దీన్ని సి సైన్ అంటారట. తర్వాత "ఇప్పుడు ఒక్క వేలితో చూపించండి" అన్నారు. ఒక్క వేలితో అనేసరికి నాకు రెండు చోట్లు తేలాయి, గజ్జ మడతలో ఒకటి, పక్కన పొడుచుకొచ్చినట్టు తగిలే ఎముక మీద ఇంకోటి. ఆయన కాగితం మీద బొమ్మ గీసి ఆ రెండు చోట్లా చుక్కలు పెట్టి 1, 2 అని నంబర్లు వేశారు. అప్పటినుంచి పరీక్ష అంతా ఆ రెండు నంబర్ల చుట్టూనే నడిచింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మనం తుంటి అని చెయ్యి పెట్టుకునే చోట నిజంగా కీలు లేదు. పక్కన గట్టిగా తగిలేది తొడ ఎముక పైభాగంలో ఉండే బుడిపె, గ్రేటర్ ట్రోకాంటర్ అంటారు. అసలు కీలు, అంటే తొడ ఎముక తల కటి ఎముకలోని గుంటలో కూర్చునే చోటు, గజ్జ వెనకాల లోతుగా ఉంటుంది, దాని చుట్టూ మందమైన కండరాలు. అందుకే కీలులో నొప్పి ఎక్కువగా గజ్జలో తెలుస్తుంది, పక్కన నొక్కితే వచ్చే నొప్పి చాలాసార్లు పిర్ర కండరాలని ఆ బుడిపెకి అతికించే తాళ్లలాంటి టెండన్లది, వెనక పిర్రలో నొప్పి అయితే ముందు నడుముని అనుమానించాలి. ఇదేం రాతి మీద గీత కాదు, కీలు నొప్పి పిర్రకి, తొడకి, మోకాలికి కూడా పాకుతుంది, కానీ మొదలుపెట్టడానికి ఇది చాలు. మోకాలు వాస్తే కంటికి కనిపిస్తుంది, చేతికి నీరు తగులుతుంది, తుంటి కీలు వాచినా పైకి ఏమీ తెలియదు. కాబట్టి దాన్ని కదిలించి, దాని మీద బరువు వేసి, అడ్డం పెట్టి, అది ఎప్పుడు అరుస్తుందో చూడ్డమే దారి.

ప్రశ్నలు కూడా చాలానే అడిగారు. పడ్డారా, పరిగెత్తే అలవాటుందా, ఈ మధ్య దూరం ఒక్కసారిగా పెంచారా (పెంచా), జ్వరం, బరువు తగ్గడం, రాత్రి ఏ వైపు పడుకున్నా తగ్గని నొప్పి ఉందా, చిన్నప్పుడు తుంటికి ఏదైనా సమస్య వచ్చిందా, కీలు టక్‌మని పట్టేస్తుందా. తర్వాత మందు తాగుతారా, ఎప్పుడైనా స్టెరాయిడ్లు వాడారా అని అడిగితే నాకు కొంచెం వింతగా అనిపించింది. కారణం ఏంటంటే ఈ రెండూ తొడ ఎముక తలకి వెళ్లే రక్త సరఫరాని దెబ్బతీసి ఆ భాగం చచ్చుబడేలా చేయగలవు, అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు, తొలి దశలో మామూలు ఎక్స్‌రే నార్మల్‌గా ఉండి ఎంఆర్‌ఐలో మాత్రమే పట్టుబడుతుంది. అంటే నేను అవును అని ఉంటే ఎంఆర్‌ఐ ఆ రోజే రాసేవారు. పడిన తర్వాత కాలు మీద బరువే వేయలేకపోతే, లేదా నొప్పితో పాటు జ్వరం ఉంటే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు ఎమర్జెన్సీకి వెళ్లాలి, అది వేరే దారి.

బట్టల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా, లోపల వదులుగా ఉండే షార్ట్స్ వేసుకుని వెళ్లండి. జీన్స్‌తో ఈ పరీక్ష కుదరదు. గజ్జ దగ్గర చెయ్యి పెట్టి నొక్కాల్సి వస్తుంది, మా డాక్టర్ గారు ప్రతిసారీ ముందు చెప్పి, సరే అన్నాకే ముట్టుకున్నారు, గదిలో ఒక నర్స్ గారు కూడా ఉన్నారు. ఎవరైనా తోడు ఉండాలి అనుకుంటే మొహమాటం లేకుండా అడగొచ్చు.

మొదలుపెట్టేముందు ఒక రూల్ పెట్టారు. "నేను ఏం చేసినా మూడు చెప్పండి. నొప్పి వచ్చిందా, ఎక్కడ వచ్చింది, అది మీరు రోజూ పడే నొప్పేనా వేరేదా." ఈ మూడోదే అసలు కీలకం అని నా అభిప్రాయం. ఎవరి తుంటినైనా చివరిదాకా మడిచి తిప్పితే ఏదో ఒకటి లాగుతుంది, దానికి "అబ్బా" అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు. ఇంట్లో మనల్ని ఆపేసే ఆ నొప్పే బల్ల మీద కూడా బయటికొస్తేనే దానికి విలువ.

ముందు నడిపించారు. నిజానికి నేను గదిలోకి వచ్చేటప్పుడే, కుర్చీలోంచి లేచేటప్పుడే చూసేశారట, చూస్తున్నారని తెలియనప్పుడు నడిచే నడకే అసలు నడక అన్నారు. నొప్పి ఉన్నవాళ్లు ఆ కాలు మీద తక్కువసేపు ఉండి గబుక్కున రెండోదాని మీదకి వెళ్లిపోతారు, అది ఒక రకం కుంటు. పిర్ర పక్క కండరాలు బలహీనమైతే అడుగు అడుగుకీ నడుం పైభాగం ఆ పక్కకి ఊగుతుంది, అది ఇంకో రకం. నాది మొదటి రకం, అదీ కొద్దిగా. నేను అసలు కుంటుతున్నానని నాకే తెలియదు.

తర్వాత నిలబెట్టి ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూశారు, రెండు కటి ఎముకలు సమానంగా ఉన్నాయా, ఒక పిర్ర చిక్కిపోయిందా, నడుం ఎక్కువ లోపలికి వంగి ఉందా అని. ముందుకి వంగమన్నారు, వెనక్కి, పక్కలకి. నడుం కదిలించినప్పుడు నా 1, 2 రెండూ నోరు విప్పలేదు. సయాటికా తీర్పులన్నిటికీ ఇక్కడే మొదటి దెబ్బ.

ఆ తర్వాత ఒంటి కాలి మీద నిలబడటం. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఈ మొత్తం పరీక్షలో నాకు బాగా నచ్చింది ఇదే. ఆయన వెనక కూర్చుని రెండు చేతులూ నా కటి ఎముకల మీద పెట్టారు, నేను ఎడమ కాలు ఎత్తి కుడి కాలి మీద నిలబడాలి. మామూలుగా అయితే కుడి పిర్ర పక్కనున్న గ్లూటియస్ మీడియస్ కండరం బిగుసుకుని ఎడమ వైపు కటి కింద పడకుండా పట్టుకుంటుంది. అది చేతకాకపోతే ఎత్తిన కాలు వైపు కటి కిందకి జారుతుంది. గమ్మత్తు ఏంటంటే జారేది ఎడమవైపు, లోపం కుడివైపు. ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ 1895లో దీన్ని వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు, ఇన్నేళ్లయినా దీనికి కావలసిన పరికరం రెండు చేతులే. నాకు వెంటనే ఏమీ జారలేదు. "అలాగే 30 సెకన్లు ఉండండి" అన్నారు. సగం దాటాక పక్కన ఎముక దగ్గర మంట మొదలైంది, రాత్రిపూట వచ్చేదే అచ్చంగా. "2వ నంబర్ సర్, అదే నొప్పి" అన్నా. ఆయన బొమ్మ పక్కన టిక్ పెట్టారు. అలా నిలబెట్టి ఆగడం వెనక ఉద్దేశం అదేనట, బలం బాగానే ఉండి టెండన్‌లో సమస్య ఉన్నవాళ్లకి కటి జారదు, కానీ బరువు కాసేపు మోస్తే నొప్పి వస్తుంది.

బల్ల అంచున కూర్చోబెట్టి మోకాలి దగ్గర సుత్తితో కొట్టడం, కాలి వేళ్లు పైకి లాగమని అడ్డం పట్టడం, స్పర్శ చూడటం, ఇవన్నీ నరాల కోసం, చకచకా అయిపోయాయి. అన్నీ నార్మల్.

ఇప్పుడు వెల్లకిలా పడుకోబెట్టారు. అన్నిటికీ ముందు మంచి కాలుతోనే మొదలుపెట్టారు, ఎందుకంటే నా ఒంటికి నార్మల్ ఎంతో చెప్పేది నా ఎడమ కాలే, పుస్తకంలో అంకె కాదు. ఇంకో లాభం, ఏం జరగబోతోందో తెలుస్తుంది కాబట్టి నొప్పి కాలి వంతు వచ్చేసరికి మనం బిగదీసుకోం. బిగదీసుకుంటే కండరాలే అడ్డం పడి కీలు ఎంతవరకు తిరుగుతుందో తెలియకుండా పోతుంది.

టేపుతో కాళ్ల పొడవు కొలిచారు, కటి ముందు భాగంలో తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి ఎముక దాకా ఒకసారి, బొడ్డు నుంచి అదే చీలమండ దాకా ఇంకోసారి. మొదటిది అసలు పొడవు. రెండోది పైకి కనిపించే పొడవు. కటి ఒక పక్కకి ఒరిగి ఉంటే ఎముకలు సమానంగా ఉన్నా ఒక కాలు పొట్టిగా కనిపిస్తుంది, అప్పుడు మొదటి కొలత సరిపోతుంది, రెండోదాంట్లో తేడా వస్తుంది. నాకు రెండూ సరిపోయాయి.

తర్వాత వేళ్లతో వెతకడం. కటి మొన, గజ్జ మడత, తొడ లోపలి కండరం పుట్టే చోటు, మధ్యలో జఘన ఎముక. దగ్గమన్నారు కూడా, హెర్నియా ఉంటే దగ్గినప్పుడు వేలికి తగులుతుంది, అది కూడా గజ్జ నొప్పి పేరుతోనే వస్తుంది కాబట్టి. గజ్జలో లోతుగా నొక్కితే కాస్త అసౌకర్యంగా ఉంది తప్ప నా నొప్పి రాలేదు. కీలు అంత లోతుగా ఉన్నప్పుడు వేలికి అందకపోవడం మామూలేనట.

కాలు చాపి ఉండగానే తొడ మీద, పిక్క మీద చేతులు పెట్టి మొత్తం కాలుని లోపలికి బయటికి మెల్లగా దొర్లించారు. లాగ్ రోల్ అంటారు. ఇందులో కండరాలు సాగవు, నడుం కదలదు, కదిలేది దాదాపు కీలు ఒక్కటే, అందుకే ఇంత చిన్న కదలికకే గజ్జలో నొప్పి వస్తే వేలు నేరుగా కీలు వైపే చూపిస్తుంది. నాకు కొంచెం వచ్చింది. ఒకవేళ ఇందులో అరిచేంత నొప్పి వచ్చుంటే మిగతా టెస్టుల్లో సగం ఆపేసి ఎక్స్‌రేకి పంపేవాణ్ణి అన్నారు.

కాలు చాపి నిటారుగా పైకి ఎత్తడం మనందరం విన్నదే, సయాటికాకి చేసేది. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో మోకాలి కిందకి కరెంటులా పాకితే నరం మీద అనుమానం. నాకు తొడ వెనక లాగింది అంతే. కానీ దీనికే ఒక తమ్ముడు టెస్టు ఉంది. కాలు 30 డిగ్రీలు ఎత్తి పట్టుకోమని పైనుంచి ఆయన కిందకి నొక్కితే, తొడని పైకి లేపే కండరం కీలు ముందు నుంచి వెళ్తూ కీలుని గట్టిగా ఒత్తుతుంది. గజ్జలో చురుక్. "1వ నంబరా?" "అవును సర్."

ఇక కోణాలు. మోకాలు మడిచి తొడని పొట్ట వైపు తెస్తే మామూలుగా 120 డిగ్రీల దాకా వెళ్తుంది, నా ఎడమది వెళ్లింది, కుడిది 105 దగ్గర ఆగింది. ఇక్కడ ఆయన ఒక చెయ్యి ఎప్పుడూ నా కటి ఎముక మీదే ఉంచారు, ఎందుకంటే కీలు ఆగిపోయాక కూడా కటి తిరిగి, నడుం వంగి కాలు ఇంకా వస్తున్నట్టు కనిపిస్తుంది, ఒళ్లు అంత తెలివిగా మోసం చేస్తుంది. కటి కదలడం మొదలైన చోటే కీలు హద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన కోణం మాత్రం లోపలికి తిరగడం. తొడని 90 డిగ్రీలు మడిచి, మోకాలు కూడా మడిచి, పాదాన్ని బయటికి తీసుకెళ్తారు. చూడ్డానికి తికమకగా ఉంటుంది, పాదం బయటికి పోతుంటే తొడ ఎముక లోపలికి తిరుగుతోందన్నమాట. ఎడమ కాలుకి 30 డిగ్రీలు దాటింది. కుడి కాలుకి 10 దగ్గర తలుపు పూర్తిగా తెరుచుకోకముందే గోడకి తగిలినట్టు గట్టిగా ఆగిపోయింది. కండరం బిగుతు అయితే మెత్తగా సాగుతూ ఆగుతుందట, ఇది అలా లేదు. కీలులో అరుగుదల మొదలైనా, ఎముక ఆకారంలో తేడా ఉన్నా ముందుగా పోయేది ఈ కదలికే, మనం రోజువారీగా దీన్ని పెద్దగా వాడం కాబట్టి పోయిందని మనకి తెలియదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1991లో తుంటి అరుగుదలకి పెట్టిన గుర్తుల్లో కూడా 15 డిగ్రీలు అనే గీత ఈ కదలిక మీదే గీశారు. నా వయసుకి అరుగుదల కన్నా ఆకారం మీదే అనుమానం అన్నారు.

థామస్ టెస్టు అని ఇంకోటి, 19వ శతాబ్దపు బ్రిటిష్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ పేరు మీద. రెండు మోకాళ్లూ ఛాతీకి తెచ్చి, నడుం కింద ఆయన చెయ్యి పెట్టి, అది బల్లకి ఆనిందని తేల్చుకున్నాక, ఎడమ మోకాలు నన్నే పట్టుకోమని కుడి కాలు బల్ల మీదకి దించమన్నారు. తొడ పూర్తిగా బల్లకి ఆనకపోతే కీలు కొంచెం ముడుచుకుని ఉండిపోయినట్టు, మామూలుగా పడుకున్నప్పుడు నడుంని విల్లులా వంచి ఆ లోపాన్ని దాచేస్తుంటాం. నాది ఆనింది. ఒకటి తీసేశాం.

తర్వాత చీలమండని రెండో మోకాలి మీద పెట్టి కాలుని 4 అంకెలా మడిచి మోకాలిని కిందకి నొక్కే టెస్టు. పాట్రిక్ టెస్టు అనీ ఫేబర్ అనీ అంటారు. ఇందులో నొప్పి వచ్చిందా అన్నది కాదు, ఎక్కడ వచ్చింది అన్నది చూడాలి. గజ్జలో వస్తే తుంటి కీలు, వెనక నడుం కింద సొట్ట పడే చోట వస్తే సాక్రోఇలియాక్ కీలు, అంటే వెన్నెముక అడుగు కటి ఎముకతో కలిసే చోటు. నా కుడి మోకాలు ఎడమదాని కన్నా ఒక గుప్పెడు ఎత్తులో ఆగింది, నొప్పి గజ్జలోనే.

అప్పుడొచ్చింది ఫాడిర్. చెప్పాలంటే ఇంతవరకు పెద్దగా బాధ లేదు, ఇది మాత్రం గట్టిదే. తొడని 90 డిగ్రీలు మడిచి, మోకాలిని రెండో భుజం వైపు అడ్డంగా తెచ్చి, అప్పుడు లోపలికి తిప్పుతారు. ముందే "నొప్పి రాగానే చెప్పండి, ఆపేస్తా" అన్నారు, నిజంగానే ఆపేశారు. కారు దిగేటప్పటి నొప్పి, అదే చోటు, అదే రకం, నేను నంబర్ చెప్పేలోపే ఆయన నా మొహం చూసి రాసేసుకున్నారు. ఈ భంగిమలో తొడ ఎముక మెడ భాగం వెళ్లి గుంట అంచుకి, దాని చుట్టూ ఉండే లేబ్రమ్ అనే మెత్తటి రింగుకి తగులుతుంది.

నేను "అయితే ఇంక ఖాయమేగా సర్" అంటే కాదన్నారు. ఫాడిర్‌లో నొప్పి రాకపోతే కీలు ఢీకొనే సమస్య ఉండే అవకాశం బాగా తగ్గుతుంది, వచ్చినంత మాత్రాన అదేనని రుజువు కాదు, వేరే కారణాలకి కూడా వస్తుంది, ఏ సమస్యా లేనివాళ్లకి కూడా కొందరికి వస్తుంది. పట్టుకోవడంలో చురుకు, తేల్చి చెప్పడంలో బలహీనం. అందుకే ఒక్క టెస్టు పట్టుకుని ఎవరూ పేరు పెట్టరు, ఇన్ని చేసి అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయా అని చూస్తారు. వీడియోలు చూసి ఇంట్లో ఒకరి కాలు ఒకరు తిప్పుకుని "నీకు లేబ్రమ్ చిరిగింది" అనేవాళ్లకి ఇది చెప్పాలి.

ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నారు. కుడి వైపు బుడిపె మీద, దాని వెనక, దాని పైన వేలితో అంగుళం అంగుళం నొక్కుతూ వెళ్లారు. ఒక చోట ఎగిరిపడ్డాను. తర్వాత కాలు పైకి ఎత్తి ఉంచమని పైనుంచి నొక్కారు, మళ్లీ అదే చోట. రెండూ 2వ నంబరే. ఇదివరకు ఈ పక్క నొప్పి అంతా బర్సా (ఎముకకీ టెండన్‌కీ మధ్య రాపిడి తగ్గించే చిన్న నీటి సంచి) వాపు అనేవాళ్లట, ఇప్పుడు చాలావరకు గ్లూటియస్ మీడియస్, మినిమస్ టెండన్లదే మూలం అని, బర్సా ఉన్నా తోడుదొంగే అని తేలింది. బోర్లా పడుకోబెట్టి కాలు వెనక్కి ఎత్తించి, అక్కడ కూడా తొడ తిప్పుడు రెండు వైపులా పోల్చి చూశారు, కొత్తగా ఏమీ లేదు.

చివరికి మోకాలు కూడా చూశారు. నాకు మోకాలి నొప్పి లేదు కదా అంటే, తుంటికీ మోకాలికీ ఒకే నరాల కొమ్మలు వెళ్తాయి, అందుకని తుంటిలో జబ్బు ఉండి మోకాలు మాత్రమే నొప్పి అని వచ్చేవాళ్లు ఉంటారు, అందులోనూ పిల్లలు, కాబట్టి ఈ రెంటిలో ఒకటి చూస్తే రెండోది కూడా చూడటం అలవాటు అన్నారు. ఎదిగే పిల్లలు మోకాలు నొప్పి అని కుంటుతూ ఉంటే, మోకాల్లో ఏమీ దొరక్కపోతే తుంటి చూడకుండా పంపకూడదట. ఇంట్లో ఆ వయసు పిల్లలున్నవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

అన్నీ అయ్యాక బొమ్మ తీసి నా ముందు పెట్టారు. 1వ నంబర్ పక్కన లాగ్ రోల్, ఒత్తిడి పెట్టి కాలు ఎత్తడం, ఫేబర్, ఫాడిర్, లోపలికి తిరగని కోణం. 2వ నంబర్ పక్కన ఒంటి కాలు, వేలి నొక్కుడు, కాలు పక్కకి ఎత్తడం. నడుం దగ్గర ఖాళీ. ఒకే తుంటిలో రెండు వేర్వేరు నొప్పులు, ఒకటి కీలు లోపల, ఇంకోటి బయట టెండన్‌లో. లోపల నొప్పిగా ఉంటే నెలల తరబడి నడక తీరు మారి బయట కండరాల మీద భారం పడి ఉండొచ్చు అన్నారు, ఖచ్చితంగా అని మాత్రం అనలేదు. నాకైతే ఇది పెద్ద విషయం, ఎందుకంటే అప్పటిదాకా నేను ఒకే నొప్పి ఊరికే చోటు మారుతోంది అనుకుంటూ ఎవరికీ సరిగ్గా వివరించలేకపోయేదాన్ని.

ఎక్స్‌రే మాత్రం రాశారు, ఒక్క కుడి తుంటిది కాకుండా రెండు తుంట్లూ కనపడేలా కటి మొత్తానిది, ఇంకోటి పక్క కోణంలో. తొడ ఎముక తల మెడతో కలిసే చోట నొక్కు ఉండాల్సింది ఉబ్బుగా ఉంది, క్యామ్ ఆకారం అంటారు. 2016లో వార్విక్ ఒప్పందం అని ఈ రంగంలో నిపుణులు కూర్చుని తేల్చింది ఏంటంటే పేషెంటు చెప్పే బాధ, చేత్తో చేసిన పరీక్షలో గుర్తులు, ఎక్స్‌రేలో ఆకారం, ఈ మూడూ ఉంటేనే దీన్ని ఇంపింజ్‌మెంట్ సిండ్రోమ్, అంటే ఇందాకటి కీలు ఢీకొనే సమస్య, అనాలి. ఎక్స్‌రేలో ఉబ్బు ఒక్కటే ఉంటే అది జబ్బు కాదు. ఎంఆర్‌ఐ గురించి మళ్లీ అడిగితే 2012లో వచ్చిన ఒక స్టడీ చెప్పారు, తుంటిలో ఏ నొప్పీ లేని 45 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 69 శాతం మందికి లేబ్రమ్ చిరుగు కనిపించిందట. తన రిపోర్టు చూపించి నా జబ్బు తేల్చిన ఆయన గుర్తొచ్చాడు.

మందు మాత్రలు కొద్ది రోజులకే, మిగతాదంతా ఫిజియో. ఫిజియో మేడం మళ్లీ మొదటి నుంచి సగం టెస్టులు చేశారు, ఈసారి ఫోన్‌లో ఉండే కోణం కొలిచే యాప్ తొడకి ఆనించి అంకెలు రాసుకున్నారు, తగ్గిందా లేదా అని "కొంచెం బెటర్" అనే మాట మీద ఆధారపడటం ఆవిడకి ఇష్టం లేదు. పక్క నొప్పికి నిలబడినప్పుడు ఒక తుంటి మీద వాలిపోవడం మానమన్నారు, పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమన్నారు, పిర్ర కండరాలకి బరువు మెల్లమెల్లగా పెంచారు. గజ్జ నొప్పికి లోతుగా మడిచే పనులు కొన్నాళ్లు తగ్గించమన్నారు, కుర్చీ కొంచెం ఎత్తు చేయించారు.

రివ్యూకి వెళ్తే డాక్టర్ గారు పాత కాగితం తీసి అదే వరసలో మళ్లీ చేశారు. ఒంటి కాలి మీద 30 సెకన్లూ ఏమీ రాలేదు, వేలితో నొక్కితే కొంచెం తెలుస్తోంది తప్ప ఎగిరిపడలేదు. లోపలికి తిరిగే కోణం మాత్రం 10 నుంచి 15 అయింది అంతే, ఎముక ఆకారం ఎక్సర్‌సైజుకి మారదు కదా. ఫాడిర్‌లో ఇంకా నొప్పి ఉంది, కాకపోతే బాగా చివరికి వెళ్లాకే. మళ్లీ పరిగెత్తడం మొదలుపెట్టాక 1వ నంబర్ పెరిగితే కీలులోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం, దాంతో నొప్పి కాసేపు పూర్తిగా మాయమైతే మూలం కీలే అని ఇంకా గట్టిగా తెలుస్తుంది, ఎంఆర్‌ఐ అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. ప్రస్తుతానికి ఒకరోజు నడక, ఒకరోజు నెమ్మదిగా పరుగు, అలా నడుస్తోంది.